చెంపలు ఎందుకు లోపలికి పోతాయి? కొలాజెన్ ఇంజక్షన్ల గూర్చి అడిగిన ప్రశ్నలు, చెప్పిన జవాబులు

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలలో సంఘం జరిపిన ఆరోగ్య సభలలో ఒక చర్మవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు నన్ను పిలిచినప్పుడు షుగరు గూర్చో, బి.పి. గూర్చో మాట్లాడవలసి వస్తుందనుకున్నాను. అయితే జనగామ సభలో స్త్రీల వైపు నుండి వచ్చిన చీటీలు విప్పి చూస్తే, సగానికి సగం ఒకే సంగతి. "చెంపలు లోపలికి పోయినయి, కొలాజెన్ సూది వేస్తే నిండుతయట, నిజమేనా?" మహబూబాబాదులో అదే ప్రశ్న. భూపాలపల్లిలో అయితే ఒక గని కార్మికుడే లేచి నిలబడి అడిగాడు. అందరూ నవ్వారు. నవ్వవలసిన పని లేదు. మొహం అందరికీ వుంది, మొహం గూర్చిన చింత కూడా అందరికీ వుంటుంది. అందుచేత ఈ రోజు ఆ ప్రశ్నలకే జవాబు చెప్తాను.

ముందుగా ఒక తల్లి సంగతి చెప్పాలి. ఆమె తన బిడ్డను వెంటబెట్టుకొని నా దగ్గరికి వచ్చింది. "డాక్టర్ సాబ్, నికా నెల పదిహేను రోజులల్ల వుంది. పిల్ల చెంపలు జర నిండేటట్టు ఆ సూది వెయ్యండి. గొలుసు కుదువ పెట్టి పైసలు తెచ్చిన" అన్నది. పిల్ల వయసు ఇరవై రెండు. చెయ్యి చాపమంటే వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. నాడి చూస్తే పరుగెత్తుతున్నది. తిండి ఎట్లా తింటుందమ్మా అంటే, "బాగనే తింటది, అయినా ఎండిపోతాంది" అన్నది తల్లి. రక్త పరీక్ష చేయిస్తే థైరాయిడు ఎక్కువగా పనిచేస్తున్నదని తేలింది. మాత్రలు మొదలుపెట్టాం. కొన్ని నెలలకు ఒళ్లూ చెంపలూ వాటంతటవే నిండాయి. గొలుసు తిరిగి ఇంటికి వచ్చింది. ఆ రోజు నేను పైసలు తీసుకొని సూది వేసి వుంటే ఏమయ్యేది? చెంప కొంత నిండేదేమో గాని, లోపల జబ్బు పెరిగి గుండెను పట్టుకొనేది.

నేను ఈ రోజు చెప్పదలచుకొన్న అసలు మాట ఇదే. చెంప ఎట్లా నింపాలి అని అడిగే ముందు, చెంప ఎందుకు పోయింది అని అడగాలి.

ఎందుకు పోతుంది? వయసు ఒక కారణం. చర్మం కింద కొవ్వు తగ్గుతుంది, ఎముక కొద్దిగా కరుగుతుంది, చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే మాంసకృత్తు ఏటా కొంచెం కొంచెంగా తరిగిపోతుంది. ముట్లు ఆగిన తర్వాత స్త్రీలలో ఇది ఇంకా వేగంగా తగ్గుతుంది. బీడీ సిగరెట్లు, ఎండ దీనిని త్వరపెడతాయి. ఇవి జబ్బులు కావు. కాని చక్కెర వ్యాధి అదుపులో లేకపోతే మనిషి ఎండిపోతాడు. క్షయలో ఎండిపోతాడు. థైరాయిడులో, పేగు జబ్బులలో, కొన్ని కాన్సర్లలో ఎండిపోతాడు. మన పెద్దవాళ్లలో చాలామందికి దవడ పళ్లు వూడిపోవటమే కారణం. లోపల ఆనుడు లేక చెంప లోపలికి పోతుంది. వారికి కావలసినది పళ్ల సెట్టు, సూది కాదు.

ఇక మన ప్రాంతంలో బయటికి చెప్పుకోని కారణం ఒకటున్నది. దాన్ని దాచకుండా చెప్పాలి. ఈ ఇంజక్షన్ల చరిత్ర దానితోనే ముడిపడి వున్నది.

2004 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం హెచ్.ఐ.వి. వున్నవారికి ఉచితంగా మందులివ్వటం మొదలుపెట్టింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ఈ జబ్బు ఎక్కువగా వున్న రాష్ట్రాలలో ఒకటి. ఆనాడు ఇచ్చిన మందులలో స్టావుడిన్ అనేది ఒకటి. చవకైనది, ఎన్నో ప్రాణాలు నిలిపినది. కాని కొన్నాళ్లు వాడినవారిలో చాలామందికి చెంపలలోని కొవ్వు, కాళ్లు చేతుల కొవ్వు కరిగిపోయేది. మనిషి బతికాడు, పనికి పోతున్నాడు, కాని మొహం చూసి వూరంతా "ఆ జబ్బే" అని చెప్పేసేది. మందు చీటీ దాచుకోవచ్చు, మొహం ఎక్కడ దాచుకుంటాడు? ఆ మొహాలు చూడలేక వూరు విడిచిన కుటుంబాలు నాకు తెలుసు.

సరిగ్గా అదే సంవత్సరం, 2004 ఆగస్టులో, అమెరికా మందుల నియంత్రణ సంస్థ స్కల్‌ప్ట్రా అనే ఇంజక్షన్‌కు అనుమతి ఇచ్చింది. ఎందుకోసం? సినిమా తారల కోసం కాదు. హెచ్.ఐ.వి. వల్ల చెంపలు పోయినవారి కోసమే. అంతకుముందు 1999లో యూరపులో అదే మందు న్యూ-ఫిల్ అనే పేరుతో వచ్చింది. రేడియస్ అనే మరొక రకానికి 2006లో అనుమతి వచ్చింది, దానికీ ఇదే వుపయోగం చెప్పారు. కేవలం అందం కోసం స్కల్‌ప్ట్రా వాడటానికి అనుమతి 2009లో గాని రాలేదు. అంటే ముందు రోగి కోసం పుట్టి, తర్వాత అద్దం ముందుకు వచ్చిన మందు ఇది. మన వైపు రోగికి మాత్రం అది అందలేదు. ధర అందలేదు. ఇప్పుడు అదే జాతి ఇంజక్షన్ గురించి పెళ్లి ఇళ్లల్లో మాట్లాడుకొంటున్నారు.

స్టావుడిన్‌ను క్రమంగా మానివేయమని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇప్పుడిచ్చే మాత్రలు వేరు, వాటితో చెంపలు అట్లా పోవు. పాత మందు వాడినవారి మొహాలు మాత్రం కొందరివి అట్లాగే మిగిలిపోయాయి. కనుక ఎవరి చెంపనైనా చూసి జబ్బు పేరు పెట్టకండి. 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో వున్నది. దాని ప్రకారం ఒకరి హెచ్.ఐ.వి. సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టడం చట్టవిరుద్ధం.

ఇక మీ చీటీలలోని ప్రశ్నలు ఒక్కొక్కటి.

మొదటి ప్రశ్న: "ఇందులో కొలాజెన్ ఎక్కిస్తారా?"

ఎక్కించరు. పేరు విని చాలామంది పొరబడతారు. స్కల్‌ప్ట్రా జాతి మందులో వుండేది పాలీ లాక్టిక్ ఆమ్లం అనే పదార్థపు సన్నని రేణువులు. శస్త్రచికిత్స తర్వాత లోపల కరిగిపోయే కుట్టు దారాలు మీకు తెలుసు గదా, వాటిలో కొన్ని ఈ కుటుంబానికి చెందిన పదార్థంతోనే చేస్తారు. ఈ రేణువులు చర్మం కింద పడగానే శరీరం వాటిని పరాయి వస్తువుగా గుర్తించి చుట్టూ చేరుతుంది. ఆ పనిలో అక్కడి కణాలు కొత్త కొలాజెన్ నేస్తాయి. రేణువులు నెలల తరబడి మెల్లగా కరిగిపోతాయి, నేసిన కొలాజెన్ మిగులుతుంది. విత్తు కుళ్లి మొక్క నిలిచినట్టు. రేడియస్‌లో వుండేది కాల్షియం హైడ్రాక్సిఅపటైట్, మన ఎముకలలో, పళ్లలో వుండే ఖనిజం వంటిది. అది జిగురులో కలిపి వుంటుంది గనుక వేసిన రోజే కొంత నిండుదనం కనబడుతుంది, తర్వాత కొలాజెన్ పెరుగుతుంది.

రెండవ ప్రశ్న: "ఇందులో జంతువుల పదార్థం ఏమైనా వుంటుందా? మనకు హలాలేనా?"

ఈ ప్రశ్న మూడు వూళ్లలోనూ వచ్చింది. నేను డాక్టరును, ముఫ్తీని కాను. అందులో ఏమున్నదో నేను చెప్తాను, ఫత్వా సంగతి ఆలిములను అడగండి. 1981లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి కొలాజెన్ ఇంజక్షన్ పశువుల చర్మం నుండి తీసినది. కొందరికి పడకపోయేది గనుక ముందు చేతి మీద పరీక్ష చేసి వారాల తరబడి ఆగి చూసేవారు. పంది నుండి తీసిన రకం కూడా తర్వాత వచ్చింది. వాటి కాలం దాదాపుగా అయిపోయింది. నేను పైన చెప్పిన రెండింటిలోని రేణువులు జంతువుల నుండి తీసినవి కావు, ప్రయోగశాలలో తయారుచేసినవి. అయినా మార్కెట్టులో పేర్లు చాలా వున్నాయి, కొరియా నుండి వచ్చేవీ వున్నాయి. ఒకదానికి చెప్పిన మాట మరొకదానికి వర్తించదు. పెట్టె మీద వ్రాసిన పదార్థాల పట్టిక ఫొటో తీసుకొని ఆలిముకు చూపించండి. జబ్బు వల్ల పోయిన రూపాన్ని సరిచేసుకోవడం వేరు, వున్న రూపం నచ్చక మార్చుకోవడం వేరు. ఆ తేడా కూడా వారికి విడమరిచి చెప్పండి.

ఇంకొక మాట. కొలాజెన్ పొడి పాలలో కలుపుకొని తాగితే చెంపలు నిండుతాయా అని అడిగారు. ఆ పొడి పశువు, పంది, చేప, వీటిలో దేనిదైనా కావచ్చు. డబ్బా చదవకుండా కొనవద్దు. తాగినది కడుపులో అరిగి ముక్కలైపోతుంది, తిన్నగా పోయి చెంపలో కూర్చోదు. ఆ పైసలతో గుడ్లు, పప్పు, పండ్లు తినండి.

మూడవ ప్రశ్న: "వేసిన ఎన్ని రోజులకు కనబడుతుంది?"

పెళ్లి వాళ్లు ఇది బాగా వినాలి. పాలీ లాక్టిక్ ఆమ్లం ఇంజక్షన్‌లో పొడిని నీళ్లలో కలిపి వేస్తారు. వేసిన రోజు ఆ నీళ్ల వల్ల చెంప నిండుగా కనబడుతుంది. ఇంటికి పోయి అందరూ మురిసిపోతారు. కొన్ని రోజులలో నీళ్లు ఇంకిపోయి చెంప మళ్లీ మొదటికి వస్తుంది. "మోసం చేసిండు" అని డాక్టరును తిడతారు. మోసం కాదు, దాని తీరే అంత. అసలు ఫలితం వారాల మీద, నెలల మీద వస్తుంది. కనుక పది రోజులలో నికా పెట్టుకొని సూదికి పోవటం తెలివితక్కువ. వాపు, నల్లని కమురు మచ్చలు మాత్రమే ఫొటోలలో పడతాయి.

నాలుగవ ప్రశ్న: "ఎన్నిసార్లు వేయించుకోవాలి? ఎన్నేళ్లు వుంటుంది? ఎంతవుతుంది?"

సాధారణంగా మూడు సార్లు, ఒక్కొక్కసారికి మధ్య కొన్ని వారాల ఎడం. అవసరం ఎక్కువైతే నాలుగు. ఫలితం సుమారు రెండేళ్ల వరకు నిలవవచ్చు. రేడియస్ అయితే దాదాపు ఏడాది. శాశ్వతం ఏదీ కాదు. ఖర్చు వేలల్లో వుంటుంది, అన్ని సార్లు కలిపితే అది లక్షకు దగ్గర పడవచ్చు, దాటనూ వచ్చు. అందం కోసం చేసుకొనేదానికి ఆరోగ్యశ్రీ వర్తించదు. "ఒక్క సూదికి ఇంత" అని చెప్పిన ధర విని మోసపోకండి, మొత్తం ఎంత అని అడగండి. అప్పు చేసి, నగ కుదువ పెట్టి వేయించుకోవలసిన వైద్యం ఇది కానే కాదు. అప్పు వడ్డీ తీరేలోగా చెంప మళ్లీ పోతుంది.

ఐదవ ప్రశ్న: "నొప్పి వుంటుందా? వేసిన తర్వాత ఏం చెయ్యాలి?"

తిమ్మిరి మందు పూసి వేస్తారు గనుక నొప్పి ఓర్చుకోదగినదే. వాపు, ఎరుపు, కమురు కొద్ది రోజులుంటాయి. పాలీ లాక్టిక్ ఆమ్లం వేసినచోట రోజుకు 5 సార్లు, ఒక్కొక్కసారి 5 నిమిషాలు, 5 రోజులు చేత్తో మృదువుగా రుద్దమని చెప్తారు. మందు ఒకచోట ముద్ద కట్టకుండా ఇది సాయపడుతుంది. అయితే ఇది ఆ మందుకు చెప్పిన మాట. వేరే మందు వేయించుకొని పక్కింటి ఆపా చెప్పిందని రుద్దకండి. మీ డాక్టరు చెప్పినట్టు చేయండి.

ఆరవ ప్రశ్న: "ప్రమాదం ఏమైనా వుందా?"

వుంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి, గడ్డలు. చర్మం కింద చిన్న చిన్న కణుపులు కట్టవచ్చు. ఒక్కొక్కసారి నెలలు గడిచాక బయటపడతాయి. ఇక్కడ ఒక తేడా వున్నది. హయలురానిక్ ఆమ్లం అనే వేరే జాతి ఫిల్లర్ వుంది. అది తప్పుగా పడితే కరిగించే విరుగుడు మందు వుంది. కొలాజెన్ పుట్టించే ఈ రకాలకు అట్లాంటి విరుగుడు లేదు. వేసినది వెనక్కి తీయలేము. అందుకే కొంచెం కొంచెంగా, ఆగి ఆగి వేయాలి. కదిలే పెదవులలో, కంటి చుట్టూ పలుచని చర్మంలో వేస్తే గడ్డలు కట్టే భయం ఎక్కువ.

రెండు, రక్తనాళం. మందు పొరబాటున రక్తనాళంలోకి పోతే ఆ చోట చర్మం చచ్చిపోవచ్చు. అది కంటి నాళానికి చేరితే చూపు పోవచ్చు. ఇది అరుదు, కాని పోయిన చూపు తిరిగి రావటం ఇంకా అరుదు. వేస్తుండగా గాని, వేసిన వెంటనే గాని తీవ్రమైన నొప్పి, చర్మం తెల్లబడటం, చూపు మసకబారటం జరిగితే "రేపు చూద్దాం" అనవద్దు. అక్కడ లెక్క నిమిషాలలో వుంటుంది.

ఏడవ ప్రశ్న: "ఎవరు వేయించుకోకూడదు?"

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్లు నిండనివారు వద్దు. మొహం మీద చీము పొక్కులు, పుండ్లు వుంటే అవి మానే వరకు వద్దు. దెబ్బ తగిలితే మచ్చ లావుగా ఉబ్బే తత్వం వున్నవారు వద్దు. కీళ్లవాతం, లూపస్ వంటి జబ్బులున్నవారు, షుగరు అదుపులో లేనివారు ముందుగా చెప్పాలి. గుండె జబ్బుకు రక్తం పలుచబరచే మాత్ర వాడేవారికి కమురు ఎక్కువ పడుతుంది. అట్లాగని ఆ మాత్ర సొంతంగా మానవద్దు. చెంప కోసం గుండెను పోగొట్టుకోకూడదు. ఇక రేడియస్ వేయించుకొన్నవారు ఎక్స్‌రే గాని, స్కాను గాని తీయించుకొనేటప్పుడు ఆ సంగతి చెప్పాలి. ఆ మందు ఫిల్ములో కనబడుతుంది.

ఎనిమిదవ ప్రశ్న: "పార్లర్లో సగం ధరకే వేస్తున్నరు, వేయించుకోవచ్చా?"

దీనికి జవాబు ఒక ఆపా మొహం చెప్తుంది. ఆమె పేరూ వూరూ చెప్పను. ఒక ఇంట్లో, పండుగకు ముందు, నలుగురు ఆడవాళ్లు కలిసి వేయించుకొన్నారు. వేసినామెకు వైద్యం చదువు లేదు. నాలుగు నెలలకు ఈమె రెండు చెంపలలో శనగ గింజలంత గడ్డలు వచ్చాయి. నా దగ్గరికి వచ్చింది. ఏం మందు వేశారమ్మా అన్నాను. తెలియదు. పెట్టె వుందా? లేదు. చీటీ వుందా? లేదు. ఏం వేశారో తెలియకుండా దేనికని మందివ్వను? ఆమె ఏడ్చిన ఏడుపు గడ్డల కోసం కాదు. "ఇంట్ల మా ఆయనకు తెల్వదు డాక్టర్ సాబ్" అన్నది. పైసలూ పోయె, మొహమూ పోయె, చెప్పుకొనే దిక్కూ లేకపాయె. నెలల వైద్యంతో గడ్డలు కొంత తగ్గాయి గాని పూర్తిగా పోలేదు.

కాబట్టి వేయించుకొనే ముందు ఈ నాలుగు అడగండి. వేసేవారి పేరు మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో వున్నదా? చర్మవైద్యంలో గాని, ప్లాస్టిక్ సర్జరీలో గాని చదువుకున్నారా? మందు పెట్టె మీ ముందే విప్పుతారా? పెట్టె మీది పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ వున్న కాగితం మీకిస్తారా? ఆ కాగితాన్ని భూమి పట్టా దాచినట్టు దాచండి. ఈ నాలుగింటిలో దేనికైనా విసుక్కొనేవారి దగ్గర కుర్చీలో కూర్చోవద్దు.

తొమ్మిదవది, భూపాలపల్లి కార్మికుడు అడిగిన ప్రశ్న: "మొగోళ్లు వేయించుకోవచ్చా?"

వేయించుకోవచ్చు, మందుకు ఆడా మగా లేదు. కాని నేను ఆయనను ముందు దగ్గు వుందా అని అడిగాను. వుందన్నాడు. ఎన్నాళ్ల నుండి అంటే మూడు వారాలు దాటిందన్నాడు. కళ్లె పరీక్షకు పంపాను. రెండు వారాలు మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, చిక్కిపోవటం వుంటే మొదటి అడుగు కళ్లె పరీక్ష. క్షయకు ప్రభుత్వం పరీక్షా మందులూ ఉచితంగా ఇస్తున్నది. 2024 నవంబరు నుండి తిండి ఖర్చు కోసం నెలకు రూ. 1000 కూడా ఇస్తున్నది.

సోదర సోదరీమణులారా, ఇదివరలో మన మూడు వూళ్లూ వరంగల్ జిల్లాలోనివే. ఏ జబ్బుకైనా ఎం.జి.ఎం. ఆసుపత్రికే రైలో, బస్సో పట్టవలసి వచ్చేది. 2016 అక్టోబరులో జిల్లాలు వేరయ్యాయి. మహబూబాబాదులో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. షుగరు, థైరాయిడు, కళ్లె పరీక్షల కోసం ముందు మీ వూరి ప్రభుత్వ ఆసుపత్రి గడప తొక్కండి. అక్కడ జబ్బు ఏదీ లేదని తేలిన తర్వాత, మీ సొంత పైసలు వున్నప్పుడు, తొందర లేనప్పుడు, చదువుకున్న వైద్యుని చేత వేయించుకొంటే నేను కాదనను. పెద్దవయసులో మొహం కొంచెం తేటగా వుండాలనుకోవడం తప్పని నేను అనుకోను.

చివరగా తల్లులకు, అత్తలకు ఒక మనవి. పిల్లను చూడబోయినప్పుడు "చెంపలు లేవు" అని ఎదురుగా అనకండి. అబ్బాయిని చూసి "ఎండిపోయిండు, ఏముందో ఏమో" అని గుసగుసలాడకండి. గొలుసు కుదువ పెట్టించేది అద్దం కాదు, ఆ మాటలే. "ఏం బేటా, తబియత్ ఎట్లుంది? ఒకసారి డాక్టరుకు చూపించుకో, నేను వెంట వస్త" అని అనండి. ఆ మాట సమయానికి పడితే చాలామందికి సూదితో పనే వుండదు.

 చీటీలు ఇంకా వుంటే పంపండి. పేర్లు వ్రాయనక్కరలేదు.